రిపేకా వదిన కుడికాలు

డ్రమ్ములు వాయించడం నేర్పమని రిపేకా వదిన నన్ను అడిగిన పూట నేను ఆమె వరండాలో కూర్చుని నూనెలో వేయించిన రొట్టె తింటున్నాను. నోటినిండా రొట్టె, రొట్టెనిండా పాకం. కాదనడానికి నోరు ఖాళీ లేదు. అది ఖాళీ అయ్యేసరికి ఆమె నా మౌనాన్ని ఒప్పుకోలు కింద జమకట్టేసింది.

"ఈస్టర్‌కి రాయి మీద దుప్పటి తీస్తాం కదా మనిహేరా! ఆ సాయంత్రం బ్యాండులో రేవి కుర్చీలో నేను కూర్చుంటా," అంది.

"కూర్చుని?"

"కూర్చుని చేపలు తోముతా. ఏం ప్రశ్నయ్యా అది? వాయిస్తా."

రేవి మా పెదనాన్న కొడుకు, ఆమె మొగుడు. మా ఇంటివాళ్ళ బ్యాండులో డ్రమ్ములు ఎప్పుడూ అతనివే. బేస్ గిటారు నాది. మా హేనీ అక్క కొడుకు తియో పాడుతూ మామూలు గిటారు వాయిస్తాడు. గిటారు పట్టుకున్న వాళ్ళందరిలాగే పాటంతా తనవల్లే నడుస్తోందని వాడి నమ్మకం. నడిపేది డ్రమ్మూ బేసూ. ఒకడు ఎక్కడ పడతాడో రెండోవాడికి తెలియాలి, రెండోవాడు ఎక్కడ ఊరుకుంటాడో మొదటివాడికి తెలియాలి. రేవీ నేనూ పక్కపక్కన వాయిస్తూ ముసలివాళ్ళమయ్యాం. కిందటేడు వేసవిలో పడవను ఒడ్డుకు లాగుతూ లాగుతూ గుండె పట్టుకుని ఇసుకలో కూర్చుండిపోయాడు. మళ్ళీ లేవలేదు. అప్పటినుంచి మా బ్యాండు ఎక్కడా వాయించలేదు.

మా తెగలో పోయినవాళ్ళ సమాధిరాయి మీద ఏడాదిపాటు దుప్పటి కప్పి ఉంచుతాం. ఏడాది తిరిగాక అందరం చేరి, ఏడ్చి, ప్రార్థన చేసి దాన్ని తీసేస్తాం. ఆ సాయంత్రం, మా తెగ అంతా చేరే మరాయె ఆవరణలోని భోజనశాలలో విందు, పాట, ఆట. దుఃఖం ఆ రోజుతో సరి. సరి కాకపోయినా సరి అన్నట్టే నడుచుకోవాలి.

"నేర్చుకోవడానికి డ్రమ్ములేవి వదినా?" అన్నాను నోరు తుడుచుకుని.

ఆమె షెడ్డువైపు చూసింది. రేవి డ్రమ్‌సెట్టు అక్కడే ఉంది, పాత ఉన్ని దుప్పటి కింద. దాన్నెవరూ తాకలేదు. తాకకూడదు కూడా. పోయినవాడి వస్తువు, మా తెగ పెద్దాయన వచ్చి ప్రార్థన చెప్పి నీళ్ళు చల్లేదాకా అది అతనిదే. ఆ నీళ్ళు చల్లేది రాయి మీద దుప్పటి తీసిన రోజే. అంటే ఆమె వాటిని మొట్టమొదటిసారి ముట్టుకునేది వాయించాల్సిన రోజునే అన్నమాట. నీళ్ళలో దిగకుండా ఈత నేర్పమంటోంది నన్ను.

"టౌన్లో చర్చివాళ్ళ సెట్టు ఉంది, అడగనా?"

"వాళ్ళ డ్రమ్ములు వాళ్ళకి. నేను వాయించేది రేవివి. రేవి వాయించినట్టే వాయించాలి, ఆ రోడ్డు పాట ఒక్కటీ. అంతకంటే నాకు అక్కర్లేదు."

రోడ్డు పాట రేవి కట్టిందే. వాన పడితే చాలు తెగి సముద్రంలోకి జారిపోయే మా తీరం రోడ్డును తిడుతూ కట్టాడు. తిట్లపాటే గానీ దానికి మా ముసలమ్మలు సైతం లేచి ఆడతారు.

ఈ సంగతి హేనీ అక్క చెవిన పడడానికి పూట పట్టలేదు. అక్క రేవికి సొంత అక్క, మరాయె వంటశాలకు మహారాణి. మూడూళ్ళ జనానికి వండిపెట్టగలదు, ముప్ఫై ఊళ్ళ జనాన్ని తిట్టగలదు.

"ఎవడూ, నేర్పేది వీడా? స్కూలు బస్సు వెనక్కి తీయడమే రాదు వీడికి!" అంది వస్తూనే. తర్వాత వదినవైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "చూడవే రిపేకా! ఏడాదిపాటు ఏడ్చాం. ఆ సాయంత్రం జనం నవ్వుకుంటూ ఇళ్ళకెళ్ళాలి. నువ్వు ఆ కుర్చీలో తడబడి, మధ్యలో ఆపి ఏడ్చావనుకో, మళ్ళీ మొదటికొస్తాం అందరం. నా తమ్ముణ్ణి నేను రెండుసార్లు పూడ్చలేను. పండగ ముందు గురువారం వచ్చి వింటా. కుదిరిందా, సరే. లేదా, తియో దగ్గర పెట్టె ఉంది."

పెట్టె అంటే మీట నొక్కితే డ్రమ్ముల చప్పుడు చేసే యంత్రం. తాళం తప్పదు, అలసిపోదు, పక్కనున్న బేస్ వాడి మొహం చూడదు. అలాంటి దాని పక్కన నిలబడి వాయించడమంటే నాకు గోడతో కబుర్లు చెప్పినట్టే. అందుకే, వదిన కోసం ఎంతో, నా కోసమూ అంతే, ఒప్పుకున్నాను.

మొదటి పాఠంలోనే అభాసుపాలయ్యాను. కొత్తవాళ్ళు ఇంట్లో ఎలా సాధన చేయాలో ఫోన్లో చూశాను. తలగడ మీద కర్రలతో కొడితే చప్పుడు రాదు, మణికట్టుకు బలం వస్తుంది అన్నాడు ఒకడు. బాగుందనిపించింది. వదిన మంచం మీద తలగడ తెచ్చి ఒళ్ళో పెట్టి, "కొట్టు," అన్నాను. ఆమె నావంక అదోలా చూసింది గానీ గురువు మాట కదా అని కర్ర ఎత్తింది. సరిగ్గా అప్పుడే హేనీ అక్క చిలగడదుంపల బస్తాతో వచ్చింది.

"తల పెట్టుకునేదాన్ని కర్రతో కొడుతున్నారా? అదీ రేవి పడుకున్న మంచం మీదది! ఎవరి బుద్ధిరా ఇది?"

వదిన కర్రతో నన్ను చూపించింది.

నాకు తెలియదా? తెలుసు. చిన్నప్పుడు తలగడ మీద కూర్చుంటే మా అమ్మ చేతిలో వీపు మోగేది. తల పవిత్రం, తల ఆనేదీ పవిత్రం. అయినా ఎక్కడో సముద్రాల అవతల కూర్చున్నవాడు చెప్పాడని నా బుద్ధి గడ్డి తింది. తలగడను అక్క లోపలికి తీసుకెళ్ళి, దానికేదో గొణుగుతూ సర్దిచెప్పి, మంచం మీద పెట్టి వచ్చింది. వంటగది బల్ల మీద కొడదామంటే, అన్నం తినే బల్ల. అదీ కుదరదు. చివరికి అక్క తెచ్చిన చిలగడదుంపల బస్తానే గతయింది. దుంపలు కుదురుగా సర్దితే దాని మీద దెబ్బ బాగానే పలికింది. జంట తాళాలకు బదులు వదిన కుడితొడ. కాలి డ్రమ్ముకు బదులు వరండా చెక్కలు. కింద బోలుగా ఉంటుంది కాబట్టి బూటుకాలితో తొక్కితే గుండెకు తగిలేలా మోగేవి.

నేను డ్రమ్ములు వాయించేవాణ్ణి కాదు, ముందే చెప్పాలి. కానీ ఒక డ్రమ్ములవాడి పక్కన బతుకంతా నిలబడ్డాను. ఏది పడితే పాట నిలబడుతుందో, ఏది పడితే కూలుతుందో తెలుసు. అందుకని రేవి పిల్లలకు చెప్పినదే ఆమెకూ చెప్పాను. నోటితో పలకలేనిది చేత్తో పలకదు. ముందు నోరు.

"తహి, రువా, తోరు, ఫా," అని నాలుగు లెక్కపెట్టించాను. "ఇప్పుడు ఒక్కో లెక్కనీ రెండు ముక్కలు చేసి టిక్కు టిక్కు అను."

"టిక్కు టిక్కు టిక్కు టిక్కు. ఇలా ఎంతసేపు?"

"విసుగు పుట్టేదాకా."

"అది నీ పెళ్ళానికి నిన్ను చూసినప్పుడల్లా పుడుతుందటగా!"

నోరు కుదిరాక కుడిచేయి ఒక్కటే. ఎడమచేయి కూర్చుని చూడాలి, కాళ్ళు కూర్చుని చూడాలి. కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు నాలుగు అవయవాలనూ ఒకేసారి పనిలోకి దింపడం. నలుగురు కొత్త కూలీలను ఒకేసారి ఒకే కంచె దగ్గరికి పంపితే ఏమవుతుందో నాకు తెలుసు, కంచెలు వేసినవాణ్ణి. ఒక్కడికి పని వచ్చాక రెండోవాణ్ణి పంపాలి. కుడిచేయి తొడమీద టిక్కు టిక్కుమంటుంటే, "రొట్టెపిండి ఎలా కలుపుతావో చెప్పు వదినా," అనేవాణ్ణి. మొదట్లో మైదా దగ్గరే చేయి ఆగిపోయింది. కొన్నాళ్ళకు పిండి పొంగి, నూనెలో వేగి, పళ్ళెంలోకి వచ్చేదాకా చేయి ఆగలేదు. నోరు వేరే పనిలో ఉండగా చేయి తన పని తాను చేసుకుంటోందంటే అది నేర్చుకున్నట్టే. అప్పుడు ఎడమచేతిని పిలిచాం. మూడో లెక్క దగ్గర బస్తా మీద ఒక్క దెబ్బ. అంతే.

"ఇంతేనా?"

"ఇంతే. నిదానంగా వాయించు. సమాధులున్న కొండ ఎక్కేటప్పుడు ఎంత నిదానంగా నడుస్తావో అంత నిదానంగా."

రోజూ కాస్సేపే చేయించాను. బస్సు ట్రిప్పు అయ్యాక వెళ్ళి, టీ చల్లారేలోగా ముగించేవాణ్ణి. ఒక్కరోజే తెల్లారేదాకా కొట్టి చేతులు వాచిపోయి వారం రోజులు మానేసేవాళ్ళు ఎందుకూ కొరగారు. రిపేకా వదిన ఒక్కరోజూ మానలేదు. నేను వెళ్ళేసరికి బస్తా ముందు సిద్ధంగా కూర్చుని ఉండేది, జుట్టు ముడేసుకుని, స్కూలుపిల్లలా. ఆ ఏడాదిలో ఆమె ఏదైనా పనికోసం ఎదురుచూడడం నేను అప్పుడే చూశాను. సంతోషమేసింది.

ఇక మిగిలింది కుడికాలు.

రేవి వాయించే వరస జమైకా రెగ్గే పాటల్లో అందరికీ తెలిసినదే. దాని కిటుకంతా మొదటి లెక్కలో ఉంది. అక్కడ ఏమీ పడదు. కాలూ పడదు, చేయీ పడదు. ఖాళీ. మూడో లెక్క దగ్గర కాలూ ఎడమచేయీ కలిసి దిగుతాయి. మామూలు పాటల్లో కాలు మొదటి లెక్క మీద దిగుతుంది కాబట్టి వినేవాడు దానికోసం పాదం ఎత్తి కాచుకుంటాడు. అది రాదు. ఆ రాకపోవడంలోనే ఒళ్ళు ఊగుతుంది.

రిపేకా వదిన కాలు మాత్రం వచ్చింది. ప్రతిసారీ వచ్చింది. తహి అనేసరికి వరండా దద్దరిల్లేది.

"ఒకటి దగ్గర వద్దు వదినా. మూడు దగ్గర."

"అదే కదా చేస్తున్నా!"

ధబ్బు.

"అదిగో మళ్ళీ పడింది."

"నేను కొట్టలేదయ్యా, అదే పడింది!"

అబద్ధం కాదు. పిల్లప్పటినుంచీ మరాయెలో ఆడవాళ్ళ వరస ముందు నిలబడి, దారానికి కట్టిన బంతులు తిప్పుతూ పాడిన మనిషి. మా పాటల్లో చేతులు ఏం చేసినా కుడికాలు నేలను తొక్కుతూనే ఉండాలి, ప్రతి లెక్కకూ. ఆమె అత్తగారు, అత్తగారి అత్తగారు తొక్కిన నేల అది. ఆ కాలికి ఖాళీగా ఉండడం నేర్పడమంటే తాతకు దగ్గు మాన్పించడమే. మా ఊళ్ళో ఏ ఆడమనిషికి నేర్పినా ఇదే చిక్కు వచ్చేదని నా అనుమానం.

ఒక ఉపాయం పనిచేసింది. "ఒకటి దగ్గర గట్టిగా ఊపిరి పీల్చు. ఊపిరి పీల్చేటప్పుడు మనిషి తన్నలేడు," అన్నాను. పీల్చింది. కాలు ఆగింది. మూడు దగ్గర కాలూ చేయీ కలిసి దిగాయి. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఆ వరండాలో రేవి వరస, కాస్త కుంటుతూ, కాస్త ఆయాసపడుతూ, మళ్ళీ వినబడింది. ఆమె కళ్ళు మూసుకుని ఊపిరి పీలుస్తూ పీలుస్తూ కళ్ళు తిరిగి బస్తామీద వాలిపోయింది. అయినా నవ్వుతూనే ఉంది.

గురువారం హేనీ అక్క వచ్చింది, తియో గిటారుతో వచ్చాడు. అక్క కుర్చీ వేసుకుని చేతులు కట్టుకుని కూర్చుంది. వదిన ఊపిరి పీల్చింది, మొదలుపెట్టింది. రెండు వరసలు చక్కగా నడిచాయి. అప్పుడు తియో నోరు తెరిచి పాడడం మొదలుపెట్టాడు.

పాట చెవిన పడిందో లేదో ఆ కాలు నేలను వెతుక్కుంది. ధబ్బు. మూడు దగ్గర పడబోయేది నాలుగు దగ్గర పడింది. ఎడమచేయి దానికోసం ఆగింది. కుడిచేయి వాటికోసం ఆగింది. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కాలు కట్టేసుకో వదినా!"

"కట్టేసుకుంటే మూడు దగ్గర ఎలా లేస్తుందిరా మూర్ఖుడా!"

"బస్తాలో దుంపలు కదిలాయి, అందుకే..." అని ఏదో సర్దబోయాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని నాకే తెలుస్తోంది.

తియో తల వంచుకుని, "అత్తా, పోనీ పెట్టె పెడదామా?" అన్నాడు. మంచివాడే. చెప్పడం వాడికీ ఇష్టం లేదు.

హేనీ అక్క లేచింది. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, వదిన బుగ్గ నిమిరింది. "పెట్టె తెచ్చుకోరా తియో," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు శుభశుక్రవారం, బడి సెలవు, బస్సు ట్రిప్పు లేదు. నాకు కోపం తగ్గలేదు. ఆ కాలిమీద కోపం, తియో పెట్టెమీద కోపం, చెప్పాపెట్టకుండా పోయిన రేవి మీద ఇంకా కోపం. వదినను పలకరిద్దామని ఖాళీ బస్సులోనే వెళ్ళాను. ఆమె వరండాలో ఒక్కతే కూర్చుని మర్నాటి విందుకు దుంపల చెక్కు తీస్తోంది. రోడ్డు పాట కూనిరాగం తీస్తోంది. కుడికాలు వరండాను తొక్కుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అన్నిటి మీదా. తొందర లేదు, తడబాటు లేదు. ఆ కాలును ఎవరూ చూడడం లేదు కాబట్టి అది తన దారిన తాను నడుస్తోంది.

మెట్ల మీద అలాగే నిలబడిపోయాను. ఇన్నాళ్ళూ ఆ కాలు తప్పు వాయిస్తోందనుకున్నాను. తప్పేముంది అందులో? నాలుగుకు నాలుగూ కాలికే ఇచ్చేసే వరస రెగ్గేలోనే ఒకటుంది, జమైకావాళ్ళు ఎప్పటినుంచో వాయిస్తున్నారు. నా దగ్గరే బోలెడు రికార్డులున్నాయి.

"ఆపకు," అన్నాను.

ఆమె ఉలిక్కిపడింది గానీ కాలు ఆపలేదు.

"కత్తి కింద పెట్టు. కాలును దాని మానాన వదిలెయ్. కుడిచేయి టిక్కు టిక్కు. ఆ, అంతే. ఇప్పుడు మూడు దగ్గర ఎడమచేయి."

ఎడమచేయి బస్తా మీద దిగింది. చెక్కు తీసిన దుంప ఒకటి ఎగిరి ముంగిట్లో పడింది. నేను పరుగున వెళ్ళి బస్సులోంచి బేస్ తెచ్చుకున్నాను. తీగలకు కరెంటు లేదు, అయినా వాయించాను. ఆ కాలు కింద నేల ఉన్నట్టుంది నాకు. ఎక్కడ అడుగేసినా మోసింది. వదిన పాడింది, రోడ్డును తిట్టింది, నవ్వింది. మొదటి రోజునుంచి ఈ కాలితోనే మొదలుపెట్టి ఉంటే ఎప్పుడో వచ్చేసేది. వచ్చినదాని మీద రానిది కట్టాలి గానీ వచ్చినదాన్ని పీకి కాదు.

పాట అయ్యాక ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"బాగుంది," అంది. షెడ్డువైపు చూసి, "కానీ ఇది రేవి వాయించేది కాదు కదా," అంది.

"కాదు."

"నేను ఎందుకు నేర్చుకున్నాననుకున్నావు? అందరూ మెచ్చుకోవాలనా? కళ్ళు మూసుకుని వింటే అతనే అనిపించాలని. ఒక్కసారి. ఒక్క పాటకి."

నాకు రేపు వాయించమని అడగడానికి నోరు రాలేదు. ఆమె కత్తి తీసుకుని మళ్ళీ దుంపల పని మొదలుపెట్టింది. కాలు కదల్లేదు. నేను ముంగిట్లో పడిన దుంపను ఏరి ఇచ్చి ఇంటికి వెళ్ళిపోయాను.

శనివారం పొద్దున్న కొండమీద రాయి మీద దుప్పటి తీశాం. హేనీ అక్క ఏడుపు లోయ అంతా వినబడింది. వదిన రాయిని చేత్తో తడిమింది, పేరు మీద అక్షరం అక్షరం. దిగి వచ్చాక పెద్దాయన షెడ్డులో ప్రార్థన చెప్పి నీళ్ళు చల్లాడు. ఉన్ని దుప్పటి తీసేసరికి డ్రమ్ములమీద కొంచెం కూడా దుమ్ము లేదు. మేమంతా తలా ఒకటి మోసుకుని భోజనశాలకు తెచ్చాం. వాయించడానికి కాదు. వాటి చోట అవి ఉండాలని. పక్కనే చిన్న బల్ల మీద తియో పెట్టె.

గుంటపొయ్యిలో పూడ్చి వండి, తవ్వి తీసిన మాంసం, దుంపలు, చేపలు, మిఠాయిలు అన్నీ అయ్యాయి. మేం వాయిద్యాలు పట్టుకుని నిలబడ్డాం. తియో పెట్టె మీట మీద వేలు పెట్టాడు. నేను గోడవైపు చూస్తున్నాను.

గిన్నెలు కడిగేచోటునుంచి రిపేకా వదిన వచ్చింది. చేతులు గౌనుకు తుడుచుకుంటూ జనం మధ్యనుంచి నడిచి వచ్చి రేవి స్టూలు ఎక్కింది. ఆమె కాళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. రేవి ఆరడుగులపైన ఉండేవాడు. స్టూలు అతని ఎత్తుకు బిగించినది, మర తుప్పు పట్టి అలాగే బిగుసుకుపోయింది. కాలి డ్రమ్ము మెట్టు ఆమె పాదానికి అందడం లేదు.

"దించు మనిహేరా," అంది.

"వదినా, ఇది రేవి..."

"తెలుసు. నా కాలు అందాలి కదా. దించు."

బస్సులోంచి పటకారు తెప్పించాను. మర కిర్రుమంది, మొరాయించింది, తిరిగింది. జనం చూస్తుండగా రేవి ఎత్తు కొంచెం కొంచెంగా దిగిపోయింది. నా కళ్ళు మసకబారాయి, దాచుకోలేదు. ఆమె పాదం మెట్టు మీద ఆనింది.

"ఏ వరస?" అన్నాను చిన్నగా.

"నాలుగూ," అంది. తియోవైపు తిరిగి, "ఆ మీట మీదనుంచి వేలు తియ్యరా. తహి, రువా, తోరు, ఫా!"

వరండా చెక్కలమీద విన్న కాలు వేరు, ఆ డ్రమ్ములో విన్న కాలు వేరు. కిటికీ అద్దాలు కదిలాయి. మొదటిసారి నిజమైన డ్రమ్ములు తగిలేసరికి ఆమె చేతులు బెదిరాయి, తాళాలమీద కర్ర జారింది, ఎడమచేయి ఒకసారి రానేలేదు. కాలు మాత్రం చలించలేదు. చేతులు ఒక్కొక్కటీ తిరిగివచ్చి ఆ కాలిని పట్టుకుని నిలబడ్డాయి. నేను కలిశాను. తియో ఒక క్షణం తెల్లమొహం వేసి, పాట ఎక్కడ ఎత్తుకోవాలో వెతుక్కుని, ఎత్తుకున్నాడు. తెలిసిన పాటే అయినా ఎవరికీ తెలియనట్టుంది. జనం లేవలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వంటశాల తలుపు తోసుకుని హేనీ అక్క వచ్చింది, భుజాన తువ్వాలు, చేతిలో గరిటె. నేరుగా డ్రమ్ముల ముందుకు వచ్చి నిలబడింది.

"రేవి ఇలా వాయించడు!" అంది, అంత చప్పుడులోనూ అందరికీ వినబడేలా.

వదిన ఆపలేదు. అక్క మొహంలోకి చూసింది.

"రేవి పోయాడు వదినా," అంది.

ఏడాదిలో ఆ మాట ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. ఏడ్చినప్పుడు కూడా అనలేదు. కాలు మెట్టును తొక్కుతూనే ఉంది, ఒక్కో లెక్కకూ ఒక్కోసారి.

హేనీ అక్క పెదవులు బిగించింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె గరిటె పక్కవాళ్ళ చేతిలో పెట్టి, గౌను కొంచెం ఎత్తిపట్టుకుని, కుడికాలు ఎత్తి నేలమీద దించింది. వదిన కాలితో పాటు. ఇంకోసారి. ఆమె వెనక ముసలమ్మ ఒకామె లేచింది. ఆ వెనక ఇద్దరు. ఆ పాటకు ఏం చేయాలో మా ఆడవాళ్ళ కాళ్ళకు నా కంటే ముందే తెలిసిపోయింది. కాసేపటికి భోజనశాల నేలంతా డ్రమ్మయింది. రోడ్డును తిట్టే చోట అందరూ కలిసి తిట్టారు. పిల్లలు బల్లల కింద నుంచి బయటికి వచ్చారు. పెద్దాయన కర్రతో నేలమీద తాళం వేస్తున్నాడు.

పాట ఎలా ఆపాలో నేను ఆమెకు నేర్పలేదు. ఆపేదాకా వెళ్తామని ఎప్పుడైనా అనుకుంటే కదా! అందుకని తియో పాడి పాడి గొంతు పోయి చేతులెత్తేసినప్పుడే అది ఆగింది. వదిన జుట్టు ముడి ఊడి మొహమంతా పడింది. చెమటలు కారుతున్నాయి. హేనీ అక్క రొప్పుతూ డ్రమ్ముమీద చేయి ఆనించి నిలబడింది.

"ఇంకోటి వాయించవే," అంది.

"నాకొచ్చింది ఇదొక్కటే వదినా."

అక్క తువ్వాలుతో ముందు తన మొహం తుడుచుకుంది, తర్వాత వదిన మొహం తుడిచింది.

"అయితే అదే మళ్ళీ వాయించు," అంది.